పెరటి తోటలో మన చిన్న మిత్రులు

మన పల్లెలలో ఇల్లు కట్టుకొనునప్పుడు ముందు వాకిలిని, వెనుక పెరడును విడుచుట తరతరములుగా వచ్చుచున్న ఆచారము. పెరటిలో ఒక మునగచెట్టు, ఒక కరివేపచెట్టు, స్నానపు నీరు పారుచోట నాలుగు అరటి పిలకలు, పందిరిపై సొరతీగయో బీరతీగయో ఉన్నచో ఆ ఇంట కూరకు కొదువ యుండదు. అయితే పలువురు గృహిణులు ఒక మాట చెప్పుట మేము వినుచున్నాము. "తీగ నిండ పూత ఉన్నది గాని పిందె నిలుస్తలేదు, వేలెడంత పెరిగి పసుపుపచ్చగయి రాలిపోతున్నది" అని వారి ఫిర్యాదు.

ఎరువు చాలలేదని కొందరు, నీరు చాలలేదని మరికొందరు, దిష్టి తగిలినదని ఇంకొందరు తలతురు. ఎరువును, నీరును అవసరమే. కాని వాటితోబాటు విచారింపవలసిన కారణము మరియొకటి కలదు. ఆ పూవు విచ్చిన వేళకు దాని కడకు రావలసిన అతిథి రాలేదు. ఆ అతిథి యెవరు, ఏల రాలేదు, మరల రప్పించుటకు మనమేమి చేయవలెను అను మూడు సంగతులను ఈ వ్యాసమున వివరింపదలచినాము.

పూత అంతయు కాయ కాదు

గుమ్మడి, సొర, బీర, కాకర, దోస మొదలగు తీగలపై రెండు విధములైన పూవులుండును. మగపూవునకు సన్నని కాడ మాత్రమే యుండును. ఆడుపూవు రేకుల క్రింద చిన్న పిందె వంటి ఉబ్బు కానవచ్చును. తీగ పూతకు వచ్చిన తొలి దినములలో సాధారణముగా మగపూవులే పూయును. అవి రాలిపోయినను కలత చెందనక్కరలేదు. కొన్ని దినముల పిమ్మట ఆడుపూవులు కనిపించును.

మగపూవులోని పుప్పొడి ఆడుపూవు నడుమనున్న కీలాగ్రమును చేరినగాని పిందె కాయగా మారదు. గుమ్మడి పుప్పొడి బరువైనది, జిగట గలది. గాలికి ఎగిరిపోవునది కాదు. దానిని మోసికొనిపోవుటకు తేనెటీగ వంటి ప్రాణి కావలెను. ఆడుపూవు విచ్చియుండునది ఒక్క పూట మాత్రమే. ఆ పూటలో ఎవరును రానిచో పిందె పసుపు బారి రాలును. వచ్చినను చాలినంత పుప్పొడి తేనిచో దోసకాయ ఒక కొన ఉబ్బి, ఒక కొన సన్నగిల్లి, వంకరగా పెరుగును. పిందెపై సూదితో గ్రుచ్చినట్టి మచ్చయు, లోపల తెల్లని పురుగులును ఉన్నచో మాత్రము అది పండుఈగ చేసిన చెరుపు. దానిని వేరుగా చూచుకొనవలెను.

వరికిని మొక్కజొన్నకును ఇట్టి అతిథులతో పని లేదు. కాని కూరగాయలు, పండ్లు, నూనెగింజలు పెక్కు వీటిపై ఆధారపడియున్నవి. ప్రపంచములోని ముఖ్యమైన ఆహార పంటల రకములలో సుమారు 75 శాతము, ఎంతో కొంత, పుప్పొడి మోయు ప్రాణుల వలన మేలు పొందుచున్నవని శాస్త్రజ్ఞులు లెక్కగట్టిరి. కడుపు నింపు గింజ గాలికి పండవచ్చును. కంచములోని కూర మాత్రము పురుగు మోసి తెచ్చినది.

ఏ పూవునకు ఎవరు వత్తురు

ప్రపంచమున తేనెటీగ జాతికి చెందిన ఈగల రకములు సుమారు 20,000 కలవు. వీటిలో తేనెపట్టు పెట్టునవి కొలదియే. తక్కినవానిలో పెక్కు ఒంటరిగా బ్రతుకును. మన పెరటిలో కానవచ్చు వానిని కొన్నింటిని గుర్తుపట్టుట నేర్చుకొందము.

చెట్టుతొర్రలలోను గోడసందులలోను పట్టు పెట్టు తేనెటీగ యొకటి. పొద కొమ్మకు అరచేయి యంత పట్టు పెట్టు చిన్న తేనెటీగ మరియొకటి. ఎత్తైన మఱ్ఱికొమ్మలకు, బండలకు పెద్దపట్టు పెట్టునది పెద్ద తేనెటీగ. ఈ మూడును గుమ్మడి, దోస, కాకర పూవులకు ఉదయమున వచ్చును. గుమ్మడి పూవు తెల్లవారకముందే విచ్చి మధ్యాహ్నమునకు ముడుచుకొనును. కావున ఉదయపు నాలుగు గంటల కాలమే దానికి ముఖ్యము.

నల్లగా నిగనిగలాడుచు ఝుమ్మని తిరుగు తుమ్మెదను అందరు నెరుగుదురు. మునగపూతకు తుమ్మెద గొప్ప సాయము చేయును. వంగ, టమాట పూవులతో దానికి మరింత విశేషమైన సంబంధము కలదు. ఆ పూవులలో పుప్పొడి సంచులు మూసియుండి, కొనయందు చిన్న రంధ్రములు మాత్రము కలిగియుండును. తుమ్మెద పూవును గట్టిగా పట్టుకొని ఒడలు అదరించును. అప్పుడు రంధ్రముల గుండ పుప్పొడి జల్లున రాలును. తేనెటీగ ఈ పనిని చేయజాలదు. ఆ పూవులు తమంతట తాము కొంతవరకు కాయగట్టును గాని, తుమ్మెద వచ్చినచోట కాపు మెరుగగును.

సొరపూవు, బీరపూవు సాయంకాలమున విచ్చును. చీకటిపడిన తరువాత పొడవైన తొండముగల శలభములు గాలిలో నిలిచి వాటి తేనెను త్రాగుచు పుప్పొడిని చేరవేయును. మామిడిపూతకు ఈగలును సాయపడును. కంది పూవునకు ఆకులను గుండ్రముగా కత్తిరించి గూటికి మోసికొనిపోవు ఒంటరి ఈగలు వచ్చును. ఇట్లు ఒక్కొక్క పూవునకు ఒక్కొక్క అతిథి యున్నాడు. ఒక్క తేనెటీగను కాపాడినంత మాత్రమున పని తీరదు, అందరికిని చోటుండవలెను.

కేసముద్రము పొలములు చెప్పు పాఠము

కాజీపేట నుండి విజయవాడకు పోవు రైలుమార్గమున, నెక్కొండకును మహబూబాబాదునకును నడుమ కేసముద్రము ఉన్నది. మునుపు వరంగల్లు జిల్లాలోనిదైన ఈ ఊరు 2016లో ఏర్పడిన మహబూబాబాదు జిల్లాలో చేరినది. చుట్టుపట్ల పత్తి, మిరప, మొక్కజొన్న, పసుపు, కంది, వరి పండును. ఊరి ఇండ్లను ఆనుకొనియే పత్తిచేలు, మిరపతోటలు ఉండుట ఈ ప్రాంతమున సాధారణము.

తేనెటీగకు ఇది పొలము, అది పెరడు అను హద్దు లేదు. గూటినుండి ఒక కిలోమీటరు దూరమైనను పోయి మేత తెచ్చుకొనును. ఉదయము మన గుమ్మడిపూవుపై వ్రాలిన ఈగ ఒక గడియకు పొరుగువాని మిరపతోటలో నుండవచ్చును. అక్కడ మందు తగిలినచో మరునాడు మన పెరటికి రాదు. కావున పిందె నిలువని గృహిణి కష్టమును, పురుగు చావని రైతు కష్టమును ఒకే త్రాటికి కట్టినవి.

2021–22 పంటకాలమును మిరప రైతులు మరచిపోలేరు. మన దేశమున 2015లో బెంగుళూరు ప్రాంతమున బొప్పాయిపై మొదట గుర్తింపబడిన నల్లతామరపురుగు 2021లో తెలుగు రాష్ట్రముల మిరపతోటలపై విరుచుకొనిపడినది. అది పూవు లోపల దాగి రసము పీల్చును. రైతులు భయపడి మందుపై మందు చల్లిరి. అయినను పెక్కుచోట్ల పూత రాలి, తోటలను పీకివేయవలసి వచ్చినది. అప్పు మాత్రము మిగిలినది. పూతపై పదే పదే మందు చల్లినప్పుడు దాగియున్న శత్రువు తప్పించుకొనుటయు, ఆ శత్రువును తిను అక్షింతల పురుగు, అల్లిక రెక్కల పురుగు, సాలీడు వంటి మిత్రులు చచ్చుటయు తరచు జరుగును. పూవునకు వచ్చిన తేనెటీగకును అదే గతి పట్టును. మిత్రులు పోయిన తోటలో శత్రువు మరల పెరుగుట సులభము.

దీనికి మారుగ నడిచిన పల్లె యొకటి మన చేరువలోనే కలదు. జనగామ జిల్లా లింగాల ఘనపురం మండలములోని ఏనబావి సుమారు 50 కుటుంబముల చిన్న పల్లె. ఆ రైతులు స్వచ్ఛంద సంస్థల తోడ్పాటుతో క్రమక్రమముగా పురుగుమందులను, రసాయనపు ఎరువులను విడిచి, 2006 నాటికి ఊరంతయు రసాయనములు లేని సేద్యమునకు మారిరి. ఊరివారందరు ఒక్క మాటపై నిలుచుటయే అందలి ముఖ్య విశేషము. ఒక్క చేను విడిచి పక్క చేనికి మందు చల్లిన ఫలితము సగమే యని వారి అనుభవము మనకు తెలుపుచున్నది.

అతిథులు పూర్తిగా రానిచోట ఏమగునో చూడవలెనన్న చైనా దేశము వంక చూడవలెను. సిచువాన్ రాష్ట్రములోని హాన్‌యువాన్ ప్రాంతమున రైతులు నిచ్చెనలెక్కి, కఱ్ఱకు కట్టిన ఈకలతోను కుంచెలతోను పియరు చెట్ల పూవులకు తామే పుప్పొడి అద్దుచు వచ్చిరి. అందుకు గల కారణములలో పురుగుమందుల వలన తేనెటీగలు తగ్గుట యొకటి. ఈగ కూలి యడుగక చేయు పనికి మనిషిని పెట్టినచో ఆ కూలి ఎంతగునో పాఠకులే ఊహింపవచ్చును.

పెరటిలో చేయవలసిన పనులు

ఒకటి: ఏడాది పొడుగునను పూవులుండవలెను. పొలములో పూత కొన్ని వారములే యుండును. తక్కిన కాలమున ఈగలకు మేత ఎక్కడిది? ఆ కొరతను పెరడు తీర్చవలెను. వానకాలమున గుమ్మడి, కాకర, బీర, బంతి చాలును. బతుకమ్మ దినములకు తంగేడు, గునుగు వచ్చును. చలికాలమున చిక్కుడు, కంది ఉండును; ఒక మూల కొత్తిమీరను, ఆవాలను కోయక పూతకు విడువవలెను. కొత్తిమీర తెల్లపూవులకు చిన్న ఈగలు, మిత్రపురుగులు గుంపులుగా వచ్చును. చలి తగ్గు వేళకు మునగ, మామిడి పూయును. ఆపై వేప, కానుగ, చింత వచ్చును. తులసి వెన్నులను కొన్నింటిని త్రుంపక యుంచినచో ఎండకాలమునను తేనె దొరకును. బంతిలో రేకులు దట్టముగా ముద్దగట్టిన రకములకన్న నడుమ పసుపు గుండె తేటగా కనబడు నాటురకములు మేలు. ఈగకు తేనె అందుట సులభము. వేప, కానుగ మొదలగు మొక్కలను గ్రామ పంచాయతీ నర్సరీలో అడిగి తెచ్చుకొనవచ్చును.

రెండు: నివాసము. మట్టిగోడలు, గూనపెంకల ఇండ్లు ఉన్న కాలమున ఒంటరి ఈగలకు గోడ రంధ్రములే గూళ్లు, పిచ్చుకలకు చూరులే గూళ్లు. ఇప్పుడు స్లాబు ఇండ్లు, సిమెంటు వాకిళ్లు వచ్చినవి. సుఖము పెరిగినది, ఈ ప్రాణులకు చోటు తగ్గినది. దీనికి ఖర్చులేని ఉపాయములు కలవు. ఎండ తగులు మూల రెండు గజముల నేలను త్రవ్వక, సిమెంటు చేయక విడువుడు. నేలలో గూడు పెట్టు ఈగలు అచ్చట చేరును. జానెడు పొడవు గల వెదురు, రెల్లు ముక్కలను ఇరువది ముప్పది కట్టగట్టి, వాన తడియని చూరు క్రింద అడ్డముగా వ్రేలాడగట్టుడు. ముక్కకు ఒక ప్రక్క కణుపు మూసియుండవలెను. పాత ఎండుదుంగ నొకదానిని పొయ్యిలో పెట్టక తుమ్మెదకు విడువుడు. పిచ్చుకలకు వరికంకుల కుచ్చును వాకిట కట్టు ఆచారము మనకు కొత్త కాదు. పిచ్చుక గింజలు తినునది నిజమే. కాని పిల్లలకు పెట్టునది ముఖ్యముగా పురుగులనే. మన రాష్ట్రపక్షియైన పాలపిట్టకును పురుగులే ఆహారము.

మూడు: నీరు. వేసవిలో తేనెటీగలు నీటికై బోరింగుల కడ, తొట్ల కడ ముసురుట అందరు చూచునదే. లోతులేని మట్టి మూకుడులో గులకరాళ్లు వేసి, రాళ్ల తలలు తేలునట్లు నీరు పోయుడు. ఈగలు రాయిపై నిలిచి త్రాగును, మునిగిపోవు. ఆ నీటిని రెండు దినములకొకసారి పారబోసి కొత్త నీరు పోసినచో దోమలు పెరుగవు. మందు డబ్బాలను కడిగియైనను ఇందుకు వాడరాదు.

నాలుగు: విషము వలదు. పెరటి మొక్కలకు పొలపు మందు తెచ్చి చల్లుట మానవలెను. అది పూవుపై వ్రాలు ఈగకే గాక, మరునాడు ఆ కాయను కోసి వండుకొను పిల్లలకును హాని. కూరగాయలపై మోనోక్రోటోఫాసును వాడరాదని కేంద్ర ప్రభుత్వము 2005లోనే నిషేధించినది. ఎండోసల్ఫానును సుప్రీంకోర్టు 2011లో నిలిపివేసినది. పొలమునకు తెచ్చిన, మందు పట్టించి రంగు పూసిన విత్తనములను మిగిలినవని పెరటిలో నాటకుడు. కొన్ని మందులు మొక్క రసములో కలిసి పూవు తేనెలోనికిని చేరును.

పురుగు పట్టినచో మొదట చేతితో ఏరివేయుడు. గుమ్మడి ఆకులను తిను పెంకుపురుగులకు ఉదయపు మంచు ఆరకముందే ఆకులపై పొయ్యిబూడిద చల్లుడు. ఇంకను అవసరమైనచో వేపగింజల పప్పును దంచి, లీటరు నీటికి 50 గ్రాముల చొప్పున రాత్రి నానబెట్టి, ఉదయము గుడ్డతో వడగట్టి, కొంచెము సబ్బునీరు కలిపి, సాయంకాలమున ఆకుల అడుగున చల్లుడు. పూవులపై మాత్రము పడనీయకుడు. సొర, బీర పందిళ్లకు సాయంకాలమే అతిథుల వేళ యని మరువరాదు.

పొలములో మందు తప్పనప్పుడును కొన్ని నియమములు పాటింపవచ్చును. పూత నిండుగా నున్నప్పుడు చల్లరాదు. చల్లకతప్పనిచో ఈగలు గూటికి చేరిన తరువాత, గాలి ఇండ్ల వైపు వీచని వేళ చల్లవలెను. తామరపురుగును కనిపెట్టుటకు నీలిరంగు జిగురు అట్టలు కలవు. తోట చుట్టు రెండు మూడు వరుసలు జొన్న గాని మొక్కజొన్న గాని వేసినచో మిత్రపురుగులకు నెలవగును. ఏ మందు, ఎంత, ఎప్పుడు అను విషయమున దుకాణదారుని మాటకన్న వ్యవసాయ విస్తరణాధికారి సలహా గాని, మల్యాల కృషి విజ్ఞాన కేంద్రపు శాస్త్రజ్ఞుల సలహా గాని మేలు.

కొన్ని సందేహములు

పెరటిలో ఈ విధముగా మొక్కలను విడిచినచో పాములు రావా యని కొందరడుగుదురు. భయము సహజమే. అందుచేతనే దుంగలను, ఆకు కుప్పలను ఇంటి గోడకు ఆనించి పెట్టరాదు. పెరటి చివర పెట్టవలెను. నడుచు దారిని శుభ్రముగా నుంచవలెను. ఎలుకలున్నచోటికే పాము వచ్చును గావున గింజలు చిందనీయరాదు. రాత్రివేళ దీపము లేక పెరటిలోనికి పోరాదు.

ఈగలు కుట్టవా యని మరియొక సందేహము. పూవుపై మేయు ఈగ తనను నలిపినగాని కుట్టదు. ఒంటరి ఈగలు కుట్టుట బహు అరుదు. పెద్ద తేనెటీగల పట్టును మాత్రము ఎన్నడును కదిలింపరాదు, పిల్లలను రాళ్లు వేయనీయరాదు.

కరివేప, నిమ్మ ఆకులపై పిట్టరెట్ట వలె కానవచ్చు పురుగు పెరిగి ఆకుపచ్చగా మారును. దానిని చూచి చంపివేయుదురు. కొంతకాలమునకు అదియే అందమైన సీతాకోకచిలుక యగును. చెట్టు పెద్దదైనచో అది తిను నాలుగాకులను దానికి విడువవచ్చును. మొక్క చిన్నదైనచో పురుగును తీసి పెద్దచెట్టుపై పెట్టిన సరిపోవును. సీతాకోకచిలుకలు కావలెనని కోరుచు వాని పిల్లలను చంపుట తగదు గదా!

మీరే పరీక్షించుకొనుడు

మీ పెరటిలో లోపము ఎరువులోనున్నదో, అతిథులు రాకపోవుటలోనున్నదో తెలిసికొనుటకు చిన్న పరీక్ష కలదు. గుమ్మడి తీగపై మరునాడు విచ్చబోవు ఆడుమొగ్గలను పదింటిని గుర్తించుడు. ఐదింటికి ఎఱ్ఱ దారము, ఐదింటికి తెల్ల దారము కట్టుడు. పదియు ఒకేనాడు దొరకనిచో రెండు మూడు దినములలో పూర్తిచేయవచ్చును. ఉదయము ఎనిమిది గంటలలోపల మగపూవును కోసి, రేకులను తీసివేసి, దాని నడుమనున్న పుప్పొడి కాడను ఎఱ్ఱదారపు పూవుల కీలాగ్రమునకు మెల్లగా అద్దుడు. తెల్లదారపు పూవులను వాని మానాన విడువుడు. వారము దినములకు చూడుడు. ఎఱ్ఱదారపు పిందెలు నిలిచి తెల్లదారపువి రాలినచో మీ పెరటికి అతిథులు చాలుట లేదని అర్థము. రెండును నిలిచినచో భయము లేదు. రెండును రాలినచో ఎరువు, నీరు, తెగులు సంగతి చూడవలెను. సొర, బీరలకు ఇదే పనిని సాయంకాలము చేయవలెను.

పాఠశాలలలో ఉపాధ్యాయులు ఈ పరీక్షను పిల్లలచే చేయింపవచ్చును. ఒక పూవుల గుంపు చెంత పది నిమిషములు కదలక కూర్చుండి, ఎన్ని ఈగలు, ఎన్ని తుమ్మెదలు, ఎన్ని సీతాకోకచిలుకలు వచ్చినవో పలకపై గీతలు గీయుట పిల్లలకు వేడుక. నెలకొకసారి ఇట్లు లెక్కించినచో ఊరిలో అతిథులు పెరుగుచున్నారో తగ్గుచున్నారో తెలియును. మే 20వ తేదీని ప్రపంచ తేనెటీగల దినముగా ఐక్యరాజ్య సమితి 2017లో నిర్ణయించినది. ఆ దినమున బడులకు సెలవులుండును గావున పిల్లలు ఇండ్లలోనే ఈ లెక్క తీయవచ్చును.

కలిసి చేయవలసిన పని

ఒక్క ఇంటి పెరడు చిన్నది. కాని ఒక వాడలోని ఇరువది ఇండ్లవారు తలకొక మునగ, ఒక గుమ్మడి పాదు, నాలుగు బంతిమొక్కలు, ఒక మూకుడు నీరు పెట్టినచో అది ఈగలకు పెద్ద తోటతో సమానము. మహిళా సంఘముల సమావేశములలో నాటు విత్తనములను ఇచ్చిపుచ్చుకొనుట, ఏ పెరటిలో ఏ నెల పూవులు లేవో చూచి లోటు పూరించుకొనుట సులభమైన పనులు. 2020 నుండి పల్లెలలో ఏర్పడిన ప్రకృతి వనములలో తంగేడు, కానుగ వంటి మన నేల చెట్లకు చోటు కల్పింపవలెనని పంచాయతీని కోరవచ్చును.

బతుకమ్మకు పూవులు తెచ్చు ఆడపడుచులకు మా మనవి యొకటి. తంగేడు, గునుగు కోయునప్పుడు పొదకు కొన్ని పూవులను విత్తనమునకును, ఈగలకును విడువుడు. గౌరమ్మకు గుమ్మడిపూవు కావలసినప్పుడు కాడ సన్నగానున్న మగపూవును కోయుడు. రెండు మూడు మగపూవులను తీగపైననే యుంచుడు. అప్పుడు పండుగకు పూవును దక్కును, ఇంటికి కాయయు దక్కును.